వక్రాలో మా మఠం

పనికి కుదిరిన ఆ ఇంటి వాకిట్లో నేను తల వంచి లోపలికి అడుగు పెట్టాను. వంచమని ఎవరూ చెప్పలేదు. నా పెట్టె పట్టుకుని వెనకాల నిలబడిన హౌస్ డ్రైవరు మా అనంతపురం వైపు మనిషి. అతను పెద్దగా నవ్వాడు.

"ఏందక్కా, ఈ ఇంటికి ముందే వచ్చిపోయినట్టు వంగినావే! నేనొచ్చిన దినం నుదురు బొప్పి కట్టింది. నీకంటే ముందున్న సిలోన్ ఆయమ్మ వారం దినాలు తల పట్టుకొనే తిరిగింది."

రెండు పెద్ద చెక్క తలుపులు, వాటిలో ఒకదానికి చిన్న తలుపు కోసి ఉంది. ఎప్పుడూ తెరిచేది ఆ చిన్నదే. గడప మోకాలెత్తు. దాటాలంటే కాలెత్తాలి, తల దించాలి, రెండూ ఒకేసారి చెయ్యాలి. నాకు అది అలవాటైన పని. నేను పుట్టింది అలాంటి వాకిలి లోపలే.

మా ఊళ్ళో దాన్ని మఠం అంటారు. స్వాములు ఉన్న మఠం కాదు, ఒకప్పుడు స్వాములు ఉండి వెళ్ళిపోయిన మఠం. కడప జిల్లాలో, రాయచోటికి ఆ పక్క, గుట్ట కింద ఉంది. రాజుల కాలంలో కట్టించారని మా నాయన చెప్పేవాడు. ఏ రాజు అంటే ఆయనకూ తెలియదు. ముందు మండపం పక్కన నిలువు రాయి ఒకటి ఉంది, దాని నిండా అక్షరాలు. చదివిన మనిషిని నేను చూడలేదు. శివరాత్రికి శ్రీశైలం నడిచి పోయేవాళ్ళకు ఇంత తిండి, ఇంత పడక ఇవ్వమని ఆ రాజు పొలాలు రాసిచ్చాడట, ఆ రాతిమీద ఉండేది అదేనట.

నడుమ తొట్టి, అంటే పైన కప్పు లేని ముంగిలి. తొట్టికి నాలుగు పక్కలా రాతి స్తంభాల వసారా. వసారా వెంబడి చిన్న చిన్న కొట్టిడీలు, ఒక్కో దాంట్లో ఒక్కో సన్యాసి ఉండేవాడు. ఒక చాప, గోడలో ఒక గూడు, గూట్లో ఒక దీపం, అంతకుమించి పట్టదు. ఎంత గొప్పవాడైనా తల వంచి పోవాలని తలుపులు పొట్టిగా పెట్టారని మా నాయన అనేవాడు. "చలిగాలి రాకుండా పెట్టినారులే, అంతకంటే ఏం లేదు" అని మా అమ్మ అనేది. ఇద్దరూ దాని మీదే ఎన్ని సాయంత్రాలు వాదులాడుకున్నారో.

పొలాలు ఎవరెవరి చేతుల్లోకో పోయాక సన్యాసులకు పెట్టేవాళ్ళు లేకపోయారు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆఖరి స్వామి మా తాత చిన్నప్పుడు పోయాడు, ఆయన సమాధి పెరట్లో ఉంది. తరవాత సర్కారు వాళ్ళు ఒక పక్క వేరుశనక్కాయల మూటలు వేశారు. ఇంకో పక్క బడి పెట్టారు. ఊడ్చి దీపం పెట్టే పని మా తాతలది కాబట్టి రెండు కొట్టిడీలు మాకు మిగిలాయి. ఆ రెంటిలోనే మేమంతా. వర్షం పడితే బడి పిల్లలు కూడా మా వసారాలోనే.

మా కొట్టిడి ఎదుటి స్తంభానికి మనిషి తల ఎత్తున నల్లటి మరక ఉండేది. ఆనుకుని కూర్చున్న వాళ్ళ తలనూనె అది. మా నాయనది, మా తాతది, వాళ్ళకంటే ముందు ఎవరెవరిదో. పుల్లతో గీకినా రాలేదు, బూడిదతో రుద్దినా రాలేదు. మండపం పైకప్పు బండ మీద ఒక చేప చెక్కి ఉంది. వెల్లకిలా పడుకుంటే సరిగ్గా మన ముఖం మీదికి ఈదుతున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు ఎండాకాలమంతా మేము ఆ చేప కిందే పడుకునేవాళ్ళం.

దోహా పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న వక్రాలో ఆ గడప దాటి తల ఎత్తేసరికి నడుమ తొట్టి ఉంది. ఇసుక పరిచిన పెద్ద తొట్టి. చుట్టూ వసారా. వసారా వెంబడి పొట్టి తలుపుల గదులు. నేను అక్కడే నిలబడిపోయాను. "యల్లా అక్కా, మేడమ్ పిలుస్తాంది" అని డ్రైవరు అంటున్నాడు. ఇంటినుంచి బయలుదేరినప్పుడు ఏడవలేదు, బొంబాయిలో ఏడవలేదు, విమానంలో ఏడవలేదు. ఆ తొట్టిని చూసి ఏడ్చాను. ఇది తొంభై మూడులోనో నాలుగులోనో.

ఆ ఇంట్లో మా యజమాని, ఆయన భార్య, పిల్లలు, ఆయన తల్లి ఉండేవాళ్ళు. తల్లిని నేను ఎదుట యుమ్మా అని పిలిచేదాన్ని, మనసులో అవ్వ అనుకునేదాన్ని. ఇక్కడా అవ్వ అనే రాస్తాను. అవ్వ మాట్లాడింది అరబీ. ఇన్నేళ్ళలో ఆ మాటలు నా నోట్లో మా యాసలోకి మారిపోయాయి, అలాగే గుర్తున్నాయి.

అవ్వ కళ్ళకు తెల్లటి పొర. వెలుతురు, నీడ తెలిసేవి, మనిషి ముఖం తెలిసేది కాదు. అయినా ఆ ఇంట్లో ఆమెను ఎవరూ పట్టి నడిపించే పని లేదు. మంచం దిగి ఎడమ చెయ్యి గోడకు ఆనించేది. ఒక గూడు, ఇంకో గూడు, తలుపు, వసారాలో స్తంభం, నీళ్ళ కుండ, మళ్ళీ గోడ, వంటిల్లు. చెయ్యి చెప్పినట్టు కాళ్ళు పోయేవి. ఆ గోడలు సముద్రంలోంచి తీసిన రాళ్ళతో కట్టి సున్నం లాంటి తెల్లటి పూత పూసినవి. చాలా చోట్ల గరుకుగా ఉండి, నడిచేవాళ్ళ భుజాలు తగిలిన చోట మాత్రం నున్నగా ఉండేవి. ఆ నునుపు వెంబడే అవ్వ నడక.

వచ్చిన రెండో రోజు, పడిపోతుందేమోనని నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. చటుక్కున నా చేతి మీద కొట్టింది.

"నేనేం గొర్రెనా తోలుకుపోయేదానికి? నువ్వు కొత్తదానివి. నువ్వే నా వెనకాల రా, ఇల్లు చూపిస్తా."

నిజంగానే ఇల్లు చూపించింది. కళ్ళు లేని మనిషి ముందు, కళ్ళున్న నేను వెనక.

అసర్ నమాజు అయ్యాక ఎండ కాస్త తగ్గేది. వసారాలో చాప పరిచి, అవ్వకు కాళ్ళు పిసుకుతూ కూర్చునేదాన్ని. ఆమె చెప్పేది, నేను వినేదాన్ని. నాకు అరబీ కాస్త పట్టుబడ్డాక నేను చెప్పేదాన్ని, ఆమె వినేది. మాట రానిచోట చేతులు ఊపి లాభం లేదు కదా, ఆమెకు కనబడదు. అందుకని ఆమె చేయి తీసుకుని అరచేతిలో వేలితో గీసేదాన్ని. ఇక్కడ తొట్టి యుమ్మా, ఇదుగో వాకిలి, ఇటు వంటిల్లు.

"వంటిల్లు వాకిలి పక్కనా? మరి పొగ వచ్చినోళ్ళ ముఖాన కొట్టదా?"

"పైన గవాక్షి ఉంది యుమ్మా. మిద్దెకు బొక్క. పొగ అట్ల పోతాది."

"వానొస్తే?"

"కుండ బోర్లిస్తాం."

"బాగుంది" అంది. "మీ సన్యాసులు పెండ్లి చేసుకోరంటివే, మరి వంట ఎవరు చేసినారు?"

"వాళ్ళే."

"మొగోళ్ళా!" అని గట్టిగా లోపలికి కేకేసింది. "ఓ కోడలా, విన్నావా? ఈ పిల్ల దేశంలో మొగోళ్ళు వండుకుని, తిని, గిన్నెలు కూడా కడుక్కుంటారంట. నీ మొగుణ్ణి అక్కడికి పంపుదాం."

మేడమ్ లోపలనుంచి ఏదో అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. అత్తాకోడళ్ళకు గొడవ లేదు. గొడవ అంతా ఇంటి మీదే.

చేప సంగతి చెప్పినప్పుడు అవ్వ అసలు నమ్మలేదు.

"మీ ఊరికి సముద్రం ఎంత దూరం?"

"నేను సముద్రం చూసిందే ఇక్కడికి వచ్చినాక యుమ్మా."

"మరి నెత్తిమీద చేప ఎట్ల వచ్చె? చేప అంటే ఏందో తెలిసినోడే చెక్కి ఉండాలి. మావాడు ఎవడో పడవ తప్పిపోయి మీ కొండలెక్కినాడు పో."

ఆ ఇల్లు కట్టించింది ఆమె మామగారి తండ్రి. యవ్వనంలో ముత్యాల పడవల మీద పోయినవాడు. వేసవి అంతా సముద్రంలో, చలికాలం ఒడ్డున. ఒకసారి సముద్రంలోంచి బతికి బయటపడి ఇక పడవెక్కనని ఒట్టు పెట్టుకుని, ఖురాన్ చెప్పే గురువయ్యాడట. షహానియా అవతలి ఇసుకల్లోంచి ఒంటెల మీద పిల్లల్ని తెచ్చి ఆయన దగ్గర దింపేవాళ్ళు. వాళ్ళ కోసం కట్టినవే ఆ చిన్న గదులు. సముద్రం వైపు పెద్ద గది హజ్‌కు పోయే బాటసారులది. అడక్కుండా తిండి పెట్టాలి, ఎక్కడినుంచి వచ్చావని మూడు రోజుల దాకా అడగకూడదు, అది ఆ ఇంటి పద్ధతి. అవ్వ కోడలిగా వచ్చేనాటికి ఇంకా కొందరు పిల్లలు ఉండేవాళ్ళు. తెల్లవారి వాళ్ళంతా ఒకేసారి చదువుతుంటే, పెళ్ళికూతురుగా తను ఈ తలుపు వెనక నిలబడి వింటూ తనూ నేర్చుకుందట. ఆ తరవాత ముత్యాల బేరం పడిపోయింది, ఆకలి వచ్చింది. పిల్లలు రావడం మానేశారు. గురువు పోయాడు. గదులు ఒక్కొక్కటిగా ఇంటి మనుషులతో నిండాయి.

"మీ సన్యాసులు యాడికి పోయినారో తెలుసా?" అని అడిగింది ఒకరోజు.

"తెలీదు యుమ్మా."

"ఆ పిల్లోళ్ళు ఎక్కడికి పోయినారో నాకూ తెలీదు. తలుపులు మాత్రం మనకు పెట్టి పోయినారు."

యజమాని వుకైర్‌లో కొత్త విల్లా కట్టిస్తున్నాడు. అప్పట్లో వుకైర్ అంటే దుమ్ము, పునాదులు, అక్కడక్కడ గోడలు. మేడమ్ ఎప్పుడెప్పుడు పోదామా అని ఉండేది. ఆమెను తప్పు పట్టలేను. పిల్లలకు దగ్గు, గోడలనుంచి ఉప్పు పొడి రాలేది, బాత్‌రూమ్‌కు తొట్టి దాటి పోవాలి. ఆమె అక్కచెల్లెళ్ళు దోహాలో, అల్ హిలాల్‌లో పెద్ద పెద్ద ఇళ్ళలో ఉన్నారు. "మా అక్కావాళ్ళు వచ్చి కూర్చుంటే పైకప్పులోంచి వాళ్ళ అబాయాల మీద మట్టి రాలుతుంది" అనేది.

అవ్వ రానంది. ఎందుకు రానందో కొడుకుతో చెప్పేటప్పుడు నేను అక్కడే టీ పోస్తున్నాను.

"ఇక్కడ నేను మనిషిని. నా నీళ్ళు నేను తాగుతా, నా నమాజుకు నేను లేస్తా. అక్కడ నన్ను మంచం మీద పెడతారు. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకునేదాకా మూటలాగా కూర్చోవాల. అంతే కదా?"

కొడుకు మంచివాడు. తల దించుకున్నాడు. అలాగే అన్నాడు, "ఈ చలికాలం చూద్దాం యుమ్మా. పైకప్పు చీలి ఉంది. వానకు నీ గదిలో చుక్క పడకుంటే ఇంకో ఏడు ఉందాం. పడితే మాత్రం ఖలాస్. మాట మీద ఉండాల."

"పడదు" అంది అవ్వ.

ఆ ధైర్యం ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. మరుసటి రోజు డ్రైవరును తీసుకుని పైకెక్కి చూశాను. కింద సన్నటి దుంగలు వరసగా పేర్చి, వాటిమీద వెదురు బద్దలు, వాటిమీద ఈతాకు చాపలు, అన్నిటిమీద మందంగా మట్టి. అచ్చం మన మిద్దె. మన దూలాలకు బదులు ఆ దుంగలు, అవి ఆఫ్రికానుంచి పడవల్లో వచ్చాయట. మట్టి మాత్రం ఎండి బీటలు వారింది. బీటలో వేలు పెడితే లోపలికి పోతోంది. వెనకటికి ఏటేటా మట్టి మెత్తే మనుషులు ఉండేవాళ్ళని, వాళ్ళు పోయాక ఆ పని తెలిసినవాడు వక్రాలో లేడని అవ్వ చెప్పింది. సిమెంటు మేస్త్రీని పిలిపిస్తే, అంతా పడగొట్టి స్లాబు వెయ్యాలన్నాడు.

మా మఠంలో సగం బండ కప్పు, సగం మట్టి మిద్దె. ఏటా మొదటి వానలకు ముందు ఊరంతా చౌడు తెచ్చుకుంటారు. ఏ పైరూ మొలవని తెల్లటి భూమి ఉంటుంది చూడండి, దాని పైమన్ను. జల్లెడ పట్టి మిద్దె మీద పరిస్తే వాన నీళ్ళు దాంట్లోకి దిగవు, పైనే జారిపోతాయి. ఆ నాలుగు రోజులు ఊళ్ళో అందరి కనుబొమ్మలు తెల్లగా ఉంటాయి. చౌడు పోయని ఇంటిని చూసి, ఆ ఇంట్లో మొగోడు లేడా అని నవ్వుతారు.

డ్రైవరుకూ నాకూ ఒకేసారి తోచింది.

"అక్కా, చౌడు."

"యాడ దొరుకుతాది తమ్ముడూ?"

"అయ్యో, ఈ దేశంలో ఉండేదే అది కదక్కా! మెసయీద్ పోయే దోవ పొడుగునా తెల్లగా మెరుస్తాంటే చూళ్ళేదా? మనూర్లో గంపల్తో దొంగతనంగా ఎత్తుకొస్తాం, ఇక్కడ పికప్పు వేసుకుని పోయి ఎత్తుకున్నా అడిగేవాడు మాఫీ, ఎవడూ లేడు."

అవ్వకు చెప్పాను. మీ ఊళ్ళో నిజంగా నీళ్ళు దిగవా అని అడిగింది. దిగవన్నాను. మీ మఠానికి ఎన్నాళ్ళుగా అట్ల పోస్తాండారు? రాజుల కాలంనుంచీ అన్నాను. సరే అయితే, అంది.

శుక్రవారం యజమాని వాళ్ళు హిలాల్ పోయినప్పుడు డ్రైవరు పికప్పు నిండా తెచ్చాడు. తెల్లగా, పొడిగా, వేళ్ళ మధ్య జారిపోతూ ఉంది. చేతిలోకి తీసుకుంటే మా ఊరి చౌడే. పాత గల్లాబీ గౌను గుడ్డతో జల్లించి బక్కెట్లతో పైకి చేరవేశాం. పైన నేను పరుస్తుంటే, అతను కాళ్ళతో తొక్కుతూ, కట్టెతో తడుతూ, మా వైపు పాటలు పాడాడు. కిందనుంచి అవ్వ చప్పుడు వింటూ అజమాయిషీ.

"నా మంచం మీదికి ఎక్కువ వెయ్యండి! ఆ మూల వదిలేసినారు, నాకు వినపడ్తాంది!"

"ఈ అవ్వకు పైనుంచి కనబడ్తాందేమో అక్కా" అన్నాడు డ్రైవరు. అతని కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి. నావీ అంతే ఉండి ఉంటాయి. ఆ సాయంత్రం మిద్దె అంచున నిలబడి సముద్రం వైపు చూశాను. ఎప్పుడూ లేనిది, ఆ రోజు నాకు ఊరు దూరంగా అనిపించలేదు.

వాన రాలేదు. వానకంటే ముందు మంచు వచ్చింది. చలికాలం మొదట్లో ఒక్కోసారి సముద్రం మీదనుంచి తెల్లగా మంచు కమ్మి, ఎదుటి స్తంభం కూడా కనబడదు. బట్టలు ఆరవు. అలాంటి మంచు వరసగా కొన్ని రోజులు పట్టింది. ఒక ఉదయం టీ తీసుకుని అవ్వ గదిలోకి వెళ్తే ఆమె మంచం మీద లేచి కూర్చుని, అరచెయ్యి చాపి ఉంది. చేతిలో చుక్కలు. ఆకాశంలో వాన లేదు, అయినా పైకప్పు కారుతోంది.

అవ్వ చేతిని నాలుక దగ్గర పెట్టుకుంది. "ఇది ఉప్పు" అంది.

నేను పైకి పరిగెత్తాను. నిన్నటిదాకా పొడిగా ఉన్నదంతా గంజిలాగా అయిపోయింది. కాలు వేస్తే జారుతోంది. డ్రైవరు కూడా వచ్చి వంగి, వేలితో రాసుకుని చూశాడు. అతని ముఖం వాడిపోయింది.

"మన చౌడు గాలికి తడవదక్కా. ఇది చౌడు కాదు. సముద్రం ఎండిన ఉప్పు ఇది. మంచును తాగేసింది."

చూడ్డానికి రెండూ ఒకటే. మా ఇద్దరికీ తెలిసిన తెల్లమన్ను ఒక్కటే. ఆ దేశంలో పుట్టినవాడెవడూ దాన్ని మిద్దెమీదికి ఎక్కించడు, మా వైపు పుట్టినవాళ్ళు తప్ప.

యజమాని వచ్చి గది నడుమ నిలబడ్డాడు. ఆయన తొడుక్కున్న పొడుగాటి తెల్ల చొక్కా, తోబు, భుజం మీద మట్టి చుక్క పడింది. పైన దుంగలు తడిసి ఒక చోట కిందికి వంగాయి. ఆయన మమ్మల్ని తిట్టలేదు. తల్లివైపు చూశాడు. మేడమ్ కూడా గుమ్మంలో నిలబడి ఉంది, గెలిచినట్టు లేదు ఆమె ముఖం.

"యుమ్మా" అన్నాడు.

"మాట మీదే ఉండా" అంది అవ్వ. తరవాత నావైపు తిరిగి, "మీ ఊరు వచ్చి నా నెత్తిన కురిసింది గదమ్మా" అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఏడుపు వచ్చింది. నా చప్పుడు విని, "ఏడవబాక. వానకైనా కురిసేదే. ఆ బీటల్లో నా వేలూ పట్టేది, నాకు తెలీదా?" అంది. ఆ రోజు నా చేతే ఆమె సాంబ్రాణి డబ్బా, జపమాల, దుప్పట్లు సర్దించింది.

వుకైర్ విల్లా గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని కష్టం. చాలా బాగుంది. పాలరాయి నేల, ప్రతి గదికీ ఏసీ, కొళాయి తిప్పితే నీళ్ళు. గోడలన్నీ ఒకే నునుపు. అవ్వ మొదటి రోజు మంచం దిగి ఎడమ చెయ్యి ఆనించి నడిచింది. గూళ్ళు లేవు, స్తంభాలు లేవు. ఎంత దూరం నడిచినా చేతికి ఒకటే. నడుమ నిలబడి, "ఎక్కడున్నాను?" అని అడిగింది. హాలు మధ్యలో ఉన్నావని చెప్పాను. వక్రాలో సముద్రం ఎటు ఉందో చెవికి తెలిసేది, ఇక్కడ ఏసీ మోత తప్ప చెవికి ఏదీ లేదు. వెనక్కి తీసుకుపోదామని చెయ్యి చాపాను. పట్టుకోలేదు. గోడకు ఆని కిందికి జారి, అక్కడే నేలమీద కూర్చుంది. చాలాసేపు లేవలేదు. ఆ తరవాత మంచం దిగడం తగ్గించింది. నీళ్ళు కావాలన్నా అడగదు. నేనే పోయి ఇవ్వాలి. దాహమైతే చెప్పరాదా యుమ్మా అంటే, కాలేదు పో అనేది.

సాయంత్రాలు మఠం చెప్పమనేది. చెప్పేదాన్ని. ఆ గదిలో చెప్తుంటే నా మాటలు నాకే తేలిగ్గా వినపడేవి, పట్టుకోవడానికి ఏమీ లేనట్టు.

కొన్ని నెలలకు కొడుకు వక్రా ఇంటిని ఒక కంపెనీకి అద్దెకిచ్చాడు. పడగొట్టకుండా ఉంచితే చాలని అవ్వే ఒప్పుకుంది. పైన సిమెంటు వేసి లేబర్ క్యాంప్ చేశారు. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ, ఒకసారి చూసి వస్తానని పట్టుబట్టింది. చూసి రావడం అనేదే ఆమె మాట. శుక్రవారం మధ్యాహ్నం డ్రైవరు మమ్మల్ని తీసుకుపోయాడు.

చిన్న తలుపు తెరిచే ఉంది. అవ్వ తల వంచి, కాలెత్తి, దాటింది. తొట్టి నిండా తీగలు, తీగల నిండా బనియన్లు, లుంగీలు. వసారాలో స్టవ్వులు, ఉల్లిపాయల వాసన. శుక్రవారం సెలవు కాబట్టి చాలామంది ఇంట్లోనే ఉన్నారు. మమ్మల్ని చూసి ఒకతను గబగబా చొక్కా తొడుక్కున్నాడు.

"ఎవ్వరు కావాలె? ఓనరు కఫీల్ ఇంటోళ్ళా?"

తెలుగు! ఆ తొట్టిలో తెలుగు వింటూ నేను అతని ముఖమే చూస్తున్నాను. డ్రైవరే చెప్పాడు.

"ఈయమ్మ ఇల్లే ఇది అన్నా. ఒకపారి తిరిగి చూసి పోతాది."

"అట్లనా! మాది జగిత్యాల దిక్కు. వొదినా, మీరు గూడ తెలుగోళ్ళేనా? గిన్ని దినాల్నుంచి గీ ఇంట్ల ఉంటున్నం, గిట్ల ఆడమనిషి తెలుగు ఇనుడు ఇదే ఫస్టు" అన్నాడతను. ఆ వెంటనే లోపలికి కేకేశాడు. "అరే, జర లేవుండ్రి! ఇంటామె వచ్చింది. ఆ బకెట్ తియ్యి, కాళ్ళకు తాకుతది."

అవ్వ అప్పటికే ఎడమ చెయ్యి గోడకు ఆనించింది. నేను వెనక నడిచాను. ఆమె నడకలో నెలలనుంచి లేనిదేదో తిరిగి వచ్చింది. గూడు. గూట్లో ఎవరిదో షేవింగ్ బ్రష్షు, దేవుడి పటం. వాటిని తడిమి వదిలేసింది. ఇంకో గూడు. తలుపు. ఆమె ముందు ముందు మనుషులు గోడకు అంటుకుపోయి దారి ఇస్తున్నారు. ఒకతను చేతిలో అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"కండ్లు లేవా ఈ అవ్వకు?" అని మెల్లగా అడిగాడు.

"లేవు."

"మరి గిట్ల ఎట్ల నడుస్తున్నది?"

"ఇక్కడ నడుస్తాది" అన్నాను.

స్తంభం దాటింది. నీళ్ళ కుండ ఉండే చోట కూలర్ ఉంది, దాని చుట్టూ తిరిగింది. వంటింటి వైపు తిరిగే మూలన ఆమె చెయ్యి ప్లైవుడ్‌కు తగిలింది. వసారాను అడ్డంగా మూసి ఇంకో గది చేశారు. అవ్వ ఆగింది. రెండు చేతులతో ఆ బోర్డును పైనుంచి కిందికి తడిమింది.

"ఇది నా గోడ కాదు."

జగిత్యాల అతనికి నేను చెప్పాను. అతను తల గోక్కున్నాడు. "మంది ఎక్కువైండ్రు వొదినా, జాగ సాల్తలేదని కంపెనోళ్ళు కొట్టిచ్చిండ్రు. అవ్వ లోపటికి పోవాల్నంటే రెండు మేకులు పీకితె ఊడొస్తది. పీకుదునా? లోపట ఒక్కడే ఉన్నడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పండుకున్నడు. లేపుతం తియ్యి, ఏం గాదు."

అవ్వకు చెప్పాను. అవతల వంటిల్లుంది యుమ్మా, కానీ నడుమ ఒక మనిషి పడుకున్నాడు, లేపి తీస్తామంటున్నారు, అని.

"ఏ ఊరివాడు?"

నేను అడగబోయాను. అవ్వ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఇంటి మూడు రోజుల పద్ధతి గుర్తొచ్చినట్టు, అడగొద్దని తల ఊపింది. బోర్డుకు చెవి ఆనించి కొంచెంసేపు విన్నది. లోపల మనిషి గురక. బయట స్టవ్వు మీద పప్పు ఉడుకుతున్న చప్పుడు.

"పడుకోనీండి" అంది.

బోర్డుమీదనుంచి చెయ్యి తీసి, కుడి చెయ్యి గోడకు ఆనించి వెనక్కి తిరిగింది. వచ్చిన దారే, ఈసారి తొందర లేకుండా. స్తంభం దగ్గర ఆగింది. గూటి దగ్గర ఆగింది. జగిత్యాల అతను టీ తెస్తానన్నాడు, అవ్వ కూర్చుని తాగింది, చక్కెర ఎక్కువైందని కూడా చెప్పింది. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. గడప దాకా తనే నడిచింది, తనే దాటింది.

బయట ఎండ కళ్ళు చెదిరేట్టు ఉంది. డ్రైవరు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. వాకిలికీ కారుకూ మధ్య గోడ లేదు, ఉత్త ఇసుక. అవ్వ నాలుగడుగులు వేసి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి చాపలేదు. కాసేపటికి ఆమె ఎడమ చెయ్యి గాలిలోకి లేచి, అటూ ఇటూ వెతికి, నా చెయ్యి దొరికేదాకా ఆగలేదు.